పైపు దగ్గరి మూడు డబ్బాలు

చినగెడ్డపాలెం,
19 జనవరి 2025

సాయిదుర్గక్కకి,

ఈ ఉత్తరం నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. మొన్న ఫోన్లో మనిద్దరం అరుచుకున్నది విని అమ్మమ్మ తీర్పు చెప్పేసింది. "అక్కసెల్లెల్ల కడుపున పుట్టి అలా కొట్టుకుంతారేటి? ఇకమీద కాయితం మీద రాసుకోండి. కాయితం మీద ఎవులూ అరవలేరు" అంది. నేను కాగితం మీద కూడా అరవగలనని ఆవిడకి తెలీదు. నా కరపత్రాలు చదవలేదు కదా.

పార్సిల్లో ఆరు డబ్బాలున్నాయి. నువ్వు చెప్పినట్టే ఇనప గొట్టానికి సీసం గుళ్ళు కట్టి, నాన్న బోటు మీంచి అడుక్కి దింపి, వచ్చిన మట్టిలో పైపొర మాత్రం తీశాను. ఒకటి, రెండు, మూడు నంబర్లు మందుల కంపెనీ మురికినీళ్ళు సముద్రంలోకి వదిలే పైపు నోటి దగ్గరవి. నాలుగు, ఐదు, ఆరు ఉత్తరాన తాత చందువ చేపలు పట్టిన చోటివి. గొట్టం దింపుతుంటే నాన్న నన్ను చూసి "బతుకు పోతంతే మట్టి మోసుకెల్తన్నావేట్రా" అన్నాడు. అన్నాడు గానీ తాడు ఆయనే పట్టుకున్నాడు.

నీకు అక్కడ గోవాలో పరిశోధన. మాకు ఇక్కడ ప్రాణం. పైపు వేసిన నాలుగేళ్ళలో వలలో కవ్వలు లేవు, నెత్తళ్ళు లేవు. అమ్మమ్మ గంప దించితే ఉక్కునగరం ఐదో సెక్టారులో ఒకావిడ "మీ చేపలు మందుల షాపు వాసన వస్తున్నాయి నూకాలూ, రేపట్నుంచి రాకు" అందట. ముప్పై ఏళ్ళ బేరం. పైపు సంగతి తేల్చడానికి ప్రభుత్వం వేసిన కమిటీ వాళ్ళు వచ్చి మా మాటలు విని, "మీ బాధ అర్థమైంది, శాస్త్రీయమైన ఆధారం తెండి" అన్నారు. ఏప్రిల్ 8న విచారణ. ఆ రోజు ఆధారం చూపిస్తే పైపు మూస్తారు, లేకపోతే మూయరు. అంతే లెక్క. కంటికి కనపడని నీ పురుగులు మా పక్షాన సాక్ష్యం చెప్తాయంటే ఆ పురుగులకి కూడా దండం పెడతాను.

పార్సిల్ ఆలస్యమైంది, తిట్టకు. డబ్బాలు పద్దెనిమిది రోజులు మంచం కింద ఉండిపోయాయి. నేను సభలకి తిరుగుతున్నాను. మట్టి చెడకుండా పోసే స్పిరిట్ కూడా దొరకలేదు. నాలుగో రోజుకే పైపు దగ్గరి మూడు డబ్బాలూ భరించలేని కంపు. అమ్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఇయ్యా మీ అక్కకి పంపుతావు? దాని పక్కన పెద్దోలుంతారు" అంది. నేను పట్టించుకోలేదు. "సర్లే, నాను సూసుకుంతాను, నువ్వు మీటింగుకి ఎల్లు" అంది.

విప్లవాభివందనాలతో,
గురువులు
(తాత పేరు పెట్టుకున్నాను. ఇంట్లో పిలిచే సన్నీ అన్న పేరు ఇకనుంచి వాడకు. ఆ పేరుతో ఎవడూ ఉద్యమం చెయ్యలేదు.)


గోవా,
4 ఫిబ్రవరి

తమ్ముడు సన్నీకి,

తాత బతికుంటే ఆయన పేరుతో నువ్వు అరుస్తున్న అరుపులు విని తెప్పేసుకుని వెళ్ళిపోయేవాడు. నాకు సన్నీవే.

స్పిరిట్ లేకుండా పద్దెనిమిది రోజులా? మా గైడ్ చూస్తే నన్ను గదిలోంచి పంపేసేవారు. సరే, వచ్చిన మట్టితోనే పని మొదలుపెట్టాను.

ముందు ఒకటి దిద్దాలి. అవి పురుగులు కాదు. ఫొరామినిఫెరా అంటారు. ఒంటి మొత్తానికి ఒకటే కణం. ఆ ఒక్క కణం తనకి తాను ఇల్లు కట్టుకుంటుంది. ఇసుక రేణువంత గుల్ల, దాంట్లో గదులు. పెరిగినకొద్దీ కొత్త గది కడుతుంది, పాతది వదలదు. చిన్నప్పటి గది మధ్యలో ఉంటుంది, చివరిగా కట్టినది బయట ఉంటుంది, నోరు ఆ చివరి గదికి ఉంటుంది.

వీటిని విడదీసి పేర్లు పెట్టడానికి మేము మొదట చూసేది గోడ. మూడు రకాల గోడలు. కొన్ని చుట్టూ దొరికిన ఇసుక రేణువుల్ని ఏరి జిగురుతో అతికించి కట్టుకుంటాయి. కొన్ని సొంతంగా సున్నంతో కడతాయి గానీ ఆ సున్నపు సూదులు అడ్డదిడ్డంగా పడుంటాయి, అందుకని వెలుగు లోపలికి పోదు, పాలలాగ తెల్లగా, పింగాణీ కప్పులాగ మెరుస్తాయి. మూడోవి కూడా సున్నమే, కానీ గాజులాగ ఉంటాయి, గోడనిండా సన్నటి చిల్లులు. నేను పని చేసేది పింగాణీ వాటి మీద. మిలియోలిడ్లు. మన చోడిగింజకి కాస్త పొడుగు సాగదీసినట్టు ఉంటాయి. ఒక్కో గది అర చుట్టు తిరుగుతుంది, తర్వాతిది కాస్త పక్కకి ఒరిగి ఇంకో అర చుట్టు. బయటికి ఐదు గదులు కనిపిస్తే ఒక పేరు, మూడే కనిపిస్తే ఇంకో పేరు. నోట్లో ఒక చిన్న పన్ను ఉంటుంది. ఆ పన్ను ఆకారం చూసి జాతి చెప్తాం. నేను రోజంతా పళ్ళు చూస్తూ కూర్చుంటాను, నవ్వుకో.

నాలుగు, ఐదు, ఆరు డబ్బాల్లో మూడు గోడలవీ ఉన్నాయి. మిలియోలిడ్లయితే ఎంత అందంగా ఉన్నాయో.

ఒకటి, రెండు, మూడులో ఒక్క సున్నపు గుల్ల కూడా లేదు. పింగాణీ లేదు, గాజు లేదు. ఇసుక గోడవి మాత్రం ఉన్నాయి. పుల్లటిది తగిలితే సున్నం కరుగుతుంది. ఆ పైపు నీళ్ళలో ఆమ్లం ఉందేమో అనిపిస్తోంది. కానీ ఇంత శుభ్రంగా ఖాళీ అవ్వడం నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు. అందుకే భయంగా ఉంది.

ఎవరికీ చెప్పకు. ఈసారి స్పిరిట్ పోసి ఇంకో మూడు డబ్బాలు పంపు. అవి చూశాకే మాట్లాడదాం.

అమ్మమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

అక్క


చినగెడ్డపాలెం,
15 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మడతల దగ్గర చిరిగిపోయింది.

చెప్పకు అన్నావు. ఎలా చెప్పకుండా ఉంటాను? రెండువేల కరపత్రాలు అచ్చేయించాను. పైన పెద్దక్షరాలతో "గుల్లలు సైతం కరిగిపోయిన సముద్రం". కింద నీ పేరు, నీ చదువు, నువ్వు రాసిన మాటలే. "ఒక్క సున్నపు గుల్ల కూడా లేదు." అలాంటి వాక్యం నేను పదేళ్ళు కూర్చున్నా రాయలేను. నీకు తెలుసో లేదో, నేను చదివిన మొదటి కరపత్రం అమ్మమ్మ గంపలోది. ఉక్కునగరంలో శ్రీరామ్మూర్తి గారని యూనియన్ ఆయన, రిటైరయ్యి ఇల్లు సర్దుతూ పాత కట్టలన్నీ చేపలు చుట్టుకోమని ఇచ్చేశారు. అమ్మమ్మ చుడుతుంటే నేను విప్పి చదివేవాణ్ణి. ఇప్పుడు అమ్మమ్మ గంపలో నా కరపత్రంలో చుట్టిన చేప వెళ్తోంది, దాని మీద నీ పేరు ఉంది. ఆవిడకి చదువు రాదు గానీ నీ పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. అక్కడ చెయ్యి పెట్టి కాసేపు ఉంది.

నీ మూడు గోడల సంగతి సభలో చెప్పాను. పింగాణీ గోడవి ఆఫీసర్లు, బయటికి మెరుపు, లోపలికి వెలుగు పోదు. గాజు గోడవి మధ్యతరగతి, ఒంటినిండా చిల్లులు, ఎవడేమన్నా లోపలికి పోతుంది. ఇసుక గోడవి మనం. దొరికింది ఏరి అతికించుకుని బతికేవాళ్ళం. పైపు దగ్గర మిగిలింది మనమే అన్నాను. చప్పట్లు ఆగలేదు. వరహాలు మావ లేచి "ఒరే, మరి నువ్వే గోడరా?" అంటే అందరూ నవ్వారు. ఆయనకి ఎప్పుడూ అంతే.

మళ్ళీ మట్టి ఎందుకు? తేలింది కదా. 27న అన్ని బోట్లూ పైపు నోటికి అడ్డంగా కట్టేస్తున్నాం. మొదటి బోటు నాన్నది. నిన్నటిదాకా మట్టి మట్టి అని వెక్కిరించిన మనిషి నిన్న రాత్రి భోజనం దగ్గర "దుర్గ సెప్పిందంతే నిజమే అయ్యుంతాది. అది అబద్దం ఆడదు" అన్నాడు. నీ మాట మీదే వస్తున్నాడు.

గురువులు


గోవా,
1 మార్చి

సన్నీ,

రెండు రోజులుగా ఫోన్ చేస్తున్నాను. స్విచాఫ్. అలిగావా? అలిగితే అలుగు, ఇది మాత్రం చదువు.

నీ కరపత్రం ఎవరో ఫొటో తీసి మా గైడ్‌కి పంపారు. ఆవిడ పిలిచి, నీ మాటేనా అని అడిగారు. నాదే అన్నాను. తర్వాత ఆ మూడు డబ్బాలూ మళ్ళీ మొదట్నుంచి చూశాను.

రెండో డబ్బా అడుగున ఒక నార దొరికింది. నాచు అనుకున్నాను. సూది చివర ఎత్తి చూస్తే ముదురు రంగు, రెండు పాయలుగా చీలి ఉంది. ఇక్కడ ఎవరూ గుర్తుపట్టలేదు. నేను ఒక్క చూపులో గుర్తుపట్టాను. చింతపండు ఈనె. మూడో డబ్బాలో పిక్క మీద పొట్టు ముక్క. మూడింట్లోనూ సన్నటి పలుకులు, సున్నానికి చింతపండు పులుపు తగిలితే పేరుకునేవి. నాలుగు, ఐదు, ఆరులో ఏమీ లేవు.

గుల్లలు సముద్రంలో కరగలేదు. డబ్బాలో కరిగాయి. మన ఇంట్లో, మంచం కింద.

అమ్మమ్మని అడుగు. ఆ మూడింట్లో ఏమన్నా పోసిందేమో అడుగు. కోపంగా అడక్కు.

27 దాటిందని తెలుసు, అయినా ఆ బోట్లు కట్టే పని ఆపు. నీ మూడు గోడల ఉపన్యాసం కూడా ఆపు. ఇసుక గోడవి పేదవీ కావు, పింగాణీవి దొరలూ కావు. అవి గోడలు అంతే.

అక్క


చినగెడ్డపాలెం,
10 మార్చి

సాయిదుర్గ గారికి,

బోట్లు కట్టే పని ఆపమన్నారు. మీ ఉత్తరం వచ్చింది మార్చి 7న. బోట్లు కట్టింది ఫిబ్రవరి 27న. నా ఫోన్ పోలీసుల దగ్గర ఉంది, అలిగి కాదు. నాన్నతో కలిపి పన్నెండు మంది సెంట్రల్ జైల్లో ఉన్నారు. బోటు పట్టుకుపోయారు. ఇంజను విప్పి వాళ్ళ షెడ్డులో పడేశారు. నన్ను ఎందుకు వదిలేశారో తెలుసా? నేను ఒడ్డున మైకు పట్టుకుని ఉన్నాను. నీళ్ళలో ఉన్నది నాన్న.

ఇంట్లో పొయ్యి వెలగని రోజున మీ ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే చింతపండు.

ఎంతకి కొన్నారు మీ గైడ్ గారిని? మీ ల్యాబుకి కంపెనీల నిధులు రావా? నాకు అన్నీ తెలుసు, నేనూ చదివాను. కరపత్రం ఆవిడకి చేరిన మరుసటి రోజే ఈనె దొరుకుతుందా? నెల రోజులు భూతద్దాల కింద కనిపించని ఈనె?

అమ్మమ్మని అడగమంటారా? అమ్మమ్మ రోజూ పొద్దున్నే లేచి జైలు గేటు దాకా రెండు బస్సులు మారి వెళ్తోంది. లోపలికి రానివ్వరు. అల్లుడికని పట్టుకెళ్ళిన అన్నం తిరిగి తెస్తుంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి నేను చింతపండు గురించి అడగాలి. నేను అడగను.

గోడల్లో ఒక గోడ మర్చిపోయాను ఆ రోజు సభలో. డబ్బు తగిలితే కరిగేది. అది మీది.

గురువులు


గోవా,
20 మార్చి

సన్నీ,

గారు అన్నావు. సరే.

చిన్నాన్న జైల్లో ఉన్న సంగతి తెలిసి రెండు రోజులు ల్యాబుకి వెళ్ళలేదు. చదువుకున్న వకీలు ఎవరైనా దొరుకుతారేమోనని తిరుగుతున్నాను. నన్ను ఎవరూ కొనలేదు. కొనడానికి నా దగ్గర ఏముంది, చోడిగింజంత గుల్లల పళ్ళు తప్ప.

నేను ఆ ఈనెని ఎలా గుర్తుపట్టానో చెప్తాను. మూడో తరగతిలో నన్ను బల్ల చివర కూర్చోబెట్టేవారు, చేపల కంపు అని. ఏడ్చుకుంటూ వస్తే అమ్మమ్మ మర్నాటి నుంచి బడికి పంపే ముందు చింతపండు పిసికి నా చేతులు మోచేతుల దాకా తోమేది. గోళ్ళ సందుల్లో ఈనెలు ఇరుక్కునేవి. బళ్ళో కూర్చుని ఒక్కొక్కటీ లాక్కునేదాన్ని. ఐదేళ్ళు. ఆ ఈనె నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?

నీ కరపత్రాన్ని మీ తరఫు వాళ్ళు కమిటీకి ఆధారంగా ఇచ్చారు. దాని మీద నా పేరుంది. కమిటీ నన్ను లిఖితపూర్వకంగా ధ్రువీకరించమంది. ఏప్రిల్ 5 లోపు పంపాలి. నాకు ఒక్క డబ్బా కొత్త మట్టి కావాలి. ఎవరి తెప్ప మీదన్నా వెళ్ళి తే. నీకు దండం పెడతాను.

అమ్మమ్మని అడుగు.

అక్క


చినగెడ్డపాలెం,
26 మార్చి

అక్కా,

నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది.

జైలు నుంచి తిరిగొచ్చి, వాకిట్లో కూర్చుని, ఖాళీ గంప తోముతోంది. నెల రోజులుగా గంపలో చేప పడలేదు, అయినా తోముతోంది. చేతిలో చింతపండు. చూస్తూ నిలబడ్డాను. నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మమ్మా, ఆ డబ్బాల్లో కూడా పోసినావా?"

"ఏ డబ్బాలు? నువ్వు దుర్గకి పంపినయ్యా? పోసినాను. ఆ కంపుగొట్టిన మూడింట్లోనే. మిగతా మూడూ బాగానే ఉన్నాయి, ఆటికెందుకు?"

"ఎప్పుడు?"

"రోజూ కాస్త పోసేదాన్ని. రెండు వారాలు. ఆకర్న పిప్పి తీసీసి, మూత పెట్టీసినాను. ఎందుకురా?"

"ఎందుకు పోసినావే?"

"మరి దానికి సిగ్గు కాదేటి? అంత పెద్ద సదువు సదుంకుని, దొరల మధ్యన కూకుని మూత తీత్తే, ఆలు ముక్కు మూసుకుంతే? మల్లీ దాన్ని బల్ల సివర కూకోబెడితే?"

అంది. మళ్ళీ గంప తోముకుంటోంది.

నిన్ను అన్న మాటలకి ఏం చెప్పను? కాగితం మీద అరవకూడదని ఆవిడ ముందే చెప్పింది.

తెప్ప మీద వెళ్దామంటే మెరైన్ పోలీసులు ఒడ్డున కాపలా ఉన్నారు. మన ఊరి నుంచి కర్ర కూడా నీళ్ళలో దిగకూడదట, విచారణ అయ్యేదాకా. కొత్త మట్టి తేలేను.

అక్కా, ఒకటి అడుగుతాను. నువ్వు ధ్రువీకరించు. "ఒక్క సున్నపు గుల్ల కూడా లేదు" అన్నావు కదా, అది అబద్ధం కాదు. డబ్బాలో లేవు. ఎందుకు లేవో వాళ్ళు అడగరు. వాళ్ళకి చింతపండు ఈనె తెలీదు. ఒక్క కాగితం. పైపు మూస్తే కేసులు ఎత్తేస్తారని వకీలు అంటున్నాడు, నాన్న బయటికొస్తాడు. తర్వాత నువ్వు కావలసినంత మట్టి తీసి నిజం రాసుకో. ఎలాగూ ఆ నీళ్ళు విషమే, అది మనకి తెలుసు. తెలిసినదానికి ఒక్క అబద్ధపు రుజువు పెడితే పాపమా?

నేను ఇలా అడుగుతానని రెండు నెలల క్రితం ఎవడైనా అంటే వాణ్ణి కొట్టేవాణ్ణి.

తమ్ముడు


గోవా,
4 ఏప్రిల్

సన్నీ,

ఇది నీకు చేరేలోపు నా ఉత్తరం కమిటీకి చేరుతుంది.

మూడు రోజులు రెండు కాగితాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు అడిగినది కూడా రాశాను, నిజంగా. సంతకం ఒక్కటే మిగిలింది. చిన్నాన్న "అది అబద్ధం ఆడదు" అన్నాడని నువ్వు రాశావే, ఆ ఒక్క ముక్క రాయకుండా ఉంటే బాగుండేది.

నిల్వలో పులుపు కలిసి నమూనాలు చెడ్డాయని, ఆ మూడింటినీ లెక్కలోకి తీసుకోవద్దని, కొత్తగా తీయించమని రాశాను. ఎవరు పోశారో రాయలేదు. కంపెనీ వకీలు ఎలాగూ ఈనె పట్టుకునేవాడు, పట్టుకుంటే ఇక ఎప్పటికీ మన ఊరి మాట ఎవరూ వినరు అనుకుని రాశాను. ఇది నాకు నేను చెప్పుకున్న కారణమేమో, తెలీదు.

చిన్నాన్నకి నా మొహం ఎలా చూపించాలి?

అమ్మమ్మకి చెప్పకు. ఎప్పటికీ చెప్పకు.

అక్క


చినగెడ్డపాలెం,
30 జూన్

అక్కా,

మూడు నెలలు రాయలేదు. రాయడానికి కూర్చుంటే కరపత్రం భాష వచ్చేది, చింపేసేవాణ్ణి.

విచారణ రోజు నీ ఉత్తరం చదివారు. "పులుపు" అనగానే కంపెనీ వకీలు "ఏ పులుపు, నిమ్మకాయా?" అన్నాడు. నవ్వారు. కొత్త మట్టి తీయించమన్న నీ మాట చదివారు గానీ దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. "ఆధారం లేదు" అని రాసుకుని ముగించేశారు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

చెప్పకు అన్నావు. నేను చెప్పలేదు. వెనక బెంచీలో గంప ఒళ్ళో పెట్టుకుని అమ్మమ్మే కూర్చుంది, నేను చూసుకోలేదు. "పులుపు" అన్నప్పుడు అందరూ నవ్వుతుంటే ఆవిడ నా వైపు చూసింది. ఇంటి దగ్గర దిగాక "నా వల్లేనేటి?" అని ఒక్క మాట అడిగింది. కాదు అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆ రోజు నుంచి మన ఇంట్లో కూరలో చింతపండు లేదు. అమ్మ పులుసు పెడితే ముట్టదు. పచ్చి వాసన వస్తున్న చేప ముక్క ఉప్పూకారంతో అలాగే తింటోంది. గంప దూలానికి కట్టేసింది.

నాన్న మే నెలలో బెయిలు మీద వచ్చాడు. ఇంజను ఇచ్చారు, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది, అందరూ నీళ్ళలోకి వెళ్ళారు, నాన్న వెళ్ళలేదు. మొన్న సోమవారం నుంచి కంపెనీ పంపు షెడ్డులో వాచ్‌మన్. పైపుకి నీళ్ళు వదిలే మీట ఉన్న షెడ్డు అదే. నీలం చొక్కా ఇచ్చారు. నేను నోరు తెరవబోతే "నువ్వు మైకు పట్టుకో, నాను మీట పట్టుకుంతాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఊళ్ళో నన్ను ఎవరూ ఏమీ అనరు. వరహాలు మావ కూడా వెక్కిరించడం మానేశాడు.

నిన్న ఆయన్నే తెప్ప అడిగాను. ఎందుకని అడక్కుండా ఇచ్చాడు. ఈ పొద్దున్న ఒక్కణ్ణే వెళ్ళి పైపు నోటి దగ్గర గొట్టం దింపాను. తాడు పట్టేవాడు లేడు, కాలికి కట్టుకున్నాను. ఒక్క డబ్బా. అక్కడే స్పిరిట్ పోసి మూత బిగించాను. ఇంటికి తీసుకెళ్ళకుండా నేరుగా పార్సిల్ ఆఫీసుకి తెచ్చి, ఇక్కడి బల్ల మీదే ఇది రాస్తున్నాను. దీంతో ఏమవుతుందో నాకు తెలీదు. నువ్వు మార్చిలో అడిగావు, అందుకని.

తమ్ముడు


గోవా,
2 ఆగస్టు

సన్నీ,

డబ్బా చూశాను. నాలుగుసార్లు చూశాను.

సున్నం కరగలేదు. ఆమ్లం అని మొదటి ఉత్తరంలో నేను అన్నది తప్పు. గుల్లలున్నాయి. కానీ నా మిలియోలిడ్లు ఒక్కటి లేవు. పింగాణీ అన్నది లేదు. గాజు గోడల్లో ఒకటే జాతి ఉంది, ఎంత చెడ్డ నీళ్ళనైనా ఓర్చుకునేది. మూడువందలు ఏరి లెక్కపెట్టాను. అందులో డెబ్భై వంకరవి.

ఎలా అంటే, లోపలి గదులు బాగానే ఉంటాయి. చుట్టు తిరుగుతూ, ఒకదాన్ని మించి ఒకటి, పుస్తకంలో బొమ్మలాగ. ఆరేడు గదుల తర్వాత కొత్త గది దారి తప్పుతుంది. పైకి లేచిపోతుంది, లేదా కుదించుకుపోతుంది. ఒకదానికి రెండు నోళ్ళున్నాయి. పాత గదుల్ని వదల్లేదు కదా, వాటికే అతుక్కుని, వంకరగానే, ఇంకో గది కడుతుంది.

ఇది ఆధారం. మనం జనవరిలో వెతికింది ఇదే. అప్పుడు ఆ మూడు డబ్బాల్లో కూడా ఇవే ఉండి ఉంటాయి.

కమిటీకి రాశాను. ముగిసిన విషయం, ఈ ఊరి నమూనాలు ఇదివరకే నమ్మదగినవి కావని తేలింది అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మా గైడ్ మంచి మనిషి. ఆవిడ కూడా, ఒక్క డబ్బాతో ఏమీ చెప్పలేం, రెండేళ్ళు అన్ని కాలాల్లోనూ తీయాలి అన్నారు. నిజమే, రెండేళ్ళు కావాలి. అప్పటికి చిన్నాన్నకి ఆ చొక్కా అలవాటైపోతుంది.

వంకరవాటికి ఏం పేరు అని అడుగుతావేమో. వేరే పేరు లేదు. గోడ చూసి, గదులు చూసి, నోరు చూసి పేర్లు పెడతాం గానీ, వంకరకి పేరు పెట్టం. అదే జాతి. అక్కడ పెరిగింది, అంతే.

అమ్మమ్మకి కాస్త పులుసు తినిపించు. నేను అడిగానని చెప్పు.

అక్క


చినగెడ్డపాలెం,
17 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించాను. దాచడానికి ఇక ఏమీ లేదు. వంకర గుల్లల దగ్గర ఆపి, "ఆటికి నొప్పి ఉంతాదేటి?" అని అడిగింది. ఒకటే కణం, నొప్పి ఉండదు అన్నాను. "నీకెలా తెలుసు?" అంది.

పులుసు తినలేదు.

మిగిలిన కరపత్రాలు పదకొండు వందల చిల్లర మంచం కింద ఉన్నాయి. చేపలు చుట్టడానికి ఎవరూ తీసుకోవడం లేదు, అచ్చు సిరా అంటుతుందట. నాన్నకి ఈ వారం రెండో షిఫ్టు. నేను తెప్ప మీద పైపు దగ్గరికి వెళ్తే షెడ్డు గుమ్మంలో నిలబడి కనిపిస్తాడు. చెయ్యి ఊపడు. నేనూ ఊపను. గొట్టం పైకి వచ్చేదాకా మాత్రం లోపలికి వెళ్ళడు.

ఈ నెల మట్టి తీశాను. రెండేళ్ళు అన్నావు కదా. కమిటీ లేదు, విచారణ లేదు, ఎవరికి చూపించాలో తెలీదు. నీకు పంపుతున్నాను. నిన్న వెళ్ళేసరికి పార్సిల్ ఆఫీసు మూసేశారు, అందుకని ఒక్క రాత్రి డబ్బా ఇంట్లో ఉంచాల్సి వచ్చింది. స్పిరిట్ పోసినా కంపు ఆగలేదు. పొద్దున్న లేచేసరికి అమ్మమ్మ డబ్బా ముందు కూర్చుని ఉంది. మూత తీసి ఉంది. చేతులు చూశాను. ఖాళీగా ఉన్నాయి.

వంగి, కొంగు అడ్డం పెట్టుకోకుండా, వాసన చూసింది. చాలాసేపు చూసింది. మూత తనే గట్టిగా బిగించి, పాత చీర ముక్క చుట్టి, ముడి వేసి నా చేతికిచ్చింది.

"ఈసారి కంపు కంపుగానే ఎల్లనీ. దానికి సిగ్గైతే అవనీ" అంది.

సన్నీ